తల్లిగారి ఊరు అనే గడి

వారం 1

రికార్డు రూము తాళంచెవి ఈ రోజు నా చేతికి వచ్చింది. నల్లగొండ నుంచి దేవరకొండ పోయే తోవలో 40 పడకల దవాఖాన మాది, ఒక ట్రస్టు నడుపుతుంది. మెట్ల కింద గది, ఒక్క కిటికీ, నేల నుంచి స్లాబు దాకా ఇనుప ర్యాకులు. కేసు షీట్లన్నీ ఏడాది వారీగా, ఐపీ (ఇన్‌పేషెంటు) నంబరు వారీగా గుడ్డలో మూటలు కట్టి ఉన్నాయి. కింది వరుసకు చెదలు పట్టింది. ఒక మూట విప్పితే లోపలి కాగితాలు పిండిలా రాలాయి. అట్ట మీద పేర్లు మాత్రం మిగిలాయి.

ఈ గదిని ఇరవై ఏళ్లకు పైగా చూసుకుంటున్న ఆయనను మేమంతా పెదనాయిన అంటాం. వచ్చే ఏడాది రిటైరవుతాడు. నంబరు చెప్పనక్కర్లేదు. "ఫలానా ఊరామె, తుంటి విరిగింది, పత్తి ఏరే రోజుల్లో వచ్చింది" అంటే చాలు, నిచ్చెన ఎక్కి ఐదు నిమిషాల్లో ఆ మూట దింపుతాడు. ఆయన పోయిన మర్నాడు ఈ గదిలో ఏదీ ఎవరికీ దొరకదు. కేసు షీట్లను కంప్యూటరుకు ఎక్కించే పని ఇంక వాయిదా వేయొద్దని నేను పట్టుబట్టింది అందుకే.

వైద్యుల నడవడి మీద మెడికల్ కౌన్సిల్ 2002లో తెచ్చిన నియమాల ప్రకారం ఇన్‌పేషెంటు రికార్డును చికిత్స మొదలైన రోజు నుంచి 3 ఏళ్లు దాచాలి. పేషెంటు అడిగితే 72 గంటల్లో ఇవ్వాలి. తొందరగా తీయగలిగేలా కంప్యూటరుకు ఎక్కించే ప్రయత్నం చేయాలన్న మాట కూడా అందులోనే ఉంది. మేం 3 ఏళ్ల కంటే ఎక్కువే దాచాం. 72 గంటల మాట మాత్రం పెదనాయిన డ్యూటీలో ఉంటేనే నిలబడేది.

ఈ గదిలో ఉన్నది సగం కాగితమే. మిగతా సగం పేషెంట్ల చేతుల్లో ఉంది. ఓపీకి వచ్చే ప్రతి మనిషి దగ్గరా ఒక ప్లాస్టిక్ కవరు ఉంటుంది, బట్టల దుకాణానిదో ఎరువుల దుకాణానిదో. మా చీటీలు, వేరే దవాఖానల చీటీలు, హైదరాబాదులో తీయించిన ఎక్స్‌రేలు, కత్తిరించిన గోలీల అట్టలు, అన్నీ అందులోనే. మా నాయనమ్మకూ అలాంటి కవరు ఉండేది. నడుము వంగి, మెడ తిరగక, ఏడు చోట్ల చూపించుకుంది. ఏడు చీటీల్లో ఏ ఒక్కటీ ఇంకో చీటీ సంగతి ఎత్తలేదు. ఆ కవరు ఇప్పటికీ నా బల్ల సొరుగులో ఉంది.

మీటింగులో తేలింది ఇదీ. పాతవన్నీ ఒకేసారి స్కాన్ చేయం. కొత్తగా వచ్చిన ప్రతి మనిషీ మొదటి రోజు నుంచే కంప్యూటరులో. పాత మనిషి మళ్లీ వస్తే ఆ పూట పెదనాయిన ఫైలు దింపుతాడు, డాక్టరు పనికొచ్చే పేజీలు చూపిస్తారు, అవి మాత్రం స్కాన్. పోలీసు కేసులతో ముడిపడిన ఎంఎల్‌సీ ఫైళ్లు కాగితంగానే, తాళం వేసిన బీరువాలో.

వారం 2

సాఫ్ట్‌వేర్ సంగతి పొడుగు చేయను. దవాఖానల కోసం తయారైన బహ్మ్ని తీసుకున్నాం. ఛత్తీస్‌గఢ్‌లో గనియారి అనే ఊళ్లో జన్ స్వాస్థ్య సహయోగ్ అనే సంస్థ దవాఖానలో ఇది మొదట వాడుకలోకి వచ్చింది. పల్లె దవాఖానలో పుట్టిన సరుకు కనుక మా కష్టాలు దానికి కొత్త కావు. లోపల పేషెంటు రికార్డుకు ఓపెన్‌ఎంఆర్‌ఎస్, ల్యాబుకు ఓపెన్‌ఎలిస్, బిల్లులకు ఓడూ ఉంటాయి. లైసెన్సు ఖర్చు లేదు. కోడు రాయకుండానే రిజిస్ట్రేషన్ పేజీలో కొత్త గడి పెట్టుకోవచ్చు.

సర్వరు మా బిల్డింగులోనే పెట్టాం. నెట్ పోయినా వార్డు ఆగకూడదు. రోజూ రాత్రి 2 గంటలకు ఒక బ్యాకప్ పక్క గదిలోని డిస్కులోకి, ఒకటి ఎన్‌క్రిప్ట్ అయి నల్లగొండలోని ట్రస్టు ఆఫీసుకు పోతుంది.

వారం 3

మూడు పొద్దులు ఓపీ కౌంటరు దగ్గర స్టూలు వేసుకుని కూర్చున్నాను. ఒక మనిషికి ఒకే ఫైలు ఉండాలి. ఈ ఒక్కటి కుదరకపోతే మిగతాదంతా అబద్ధం అవుతుంది. అది కుదరడం ఎంత కష్టమో ఈ మూడు పొద్దుల్లో తెలిసింది.

మా దిక్కు పేర్లు గుడి చుట్టూ, దర్గా చుట్టూ తిరుగుతాయి. యాదగిరిగుట్టకు మొక్కిన ఇంట్లో యాదయ్య, యాదమ్మ, యాదగిరి. చెర్వుగట్టుకు మొక్కితే రామలింగయ్య. జాన్‌పహాడ్ దర్గాకు మొక్కితే సైదులు, సైదమ్మ. ఇది ముస్లింల ఇళ్లలోనే కాదు, అన్ని ఇళ్లలోనూ. ఒకే బస్సులో దిగిన వాళ్లలో ముగ్గురు సైదులు ఉండడం ఇక్కడ వింతేమీ కాదు.

పైగా మా పాత రిజిస్టరులో పేర్లన్నీ ఇంగ్లీషు అక్షరాల్లో ఉన్నాయి. లక్ష్మమ్మ అన్న పేరును నాలుగు రకాలుగా రాశారు. రాసిన చేయి మారినప్పుడల్లా అక్షరాలు మారాయి, అక్షరాలు మారినప్పుడల్లా ఆమె కొత్త మనిషి అయిపోయింది.

దగ్గరి శబ్దాలను పట్టే సౌండెక్స్ పెట్టి చూశాను. అమెరికాలో 1918లో పేటెంటు ఇచ్చిన పద్ధతి అది. పేరులో మొదటి అక్షరాన్ని అలాగే ఉంచి, తర్వాతి హల్లులను గుంపులు చేసి అంకెలు ఇస్తుంది, అచ్చులను వదిలేస్తుంది. లక్ష్మమ్మ స్పెల్లింగులు నాలుగూ ఒక్క చోటికి వచ్చాయి. అంతవరకు సంతోషం. కానీ ఇంట్లో ఆమెను పిలిచేది లచ్చమ్మ అని. లచ్చమ్మ అని వెతికితే లక్ష్మమ్మ రాలేదు. వెంకన్నను మావాళ్లు ఎంకన్న అంటారు. మొదటి అక్షరమే మారింది కనుక ఆ ఇద్దరూ ఎప్పటికీ కలవరు. సత్తయ్య కోసం వెతికితే సీత వచ్చింది. ఇంగ్లీషులో ఎస్ తర్వాత టీ, మిగతావన్నీ అచ్చులే కదా.

అందుకని పేరును తెలుగులోనే రాయించుకుంటున్నాం. బహ్మ్నిలో స్థానిక భాషలో పేరుకు గడులు ముందే ఉన్నాయి. ఆ తెలుగు పేరు నుంచి వెతుకులాటకు వాడే ఒక తాళప్పేరు తయారు చేసే చిన్న ప్రోగ్రాము రాశాను. మొదట్లో వ ఉంటే తీసేస్తుంది, విజయ, ఇజయ ఒకటవుతాయి. శ, ష, స ఒకటే. ఒత్తు హల్లు, మామూలు హల్లు ఒకటే, ఖాజా, కాజ ఒకటవుతాయి. దీర్ఘం, హ్రస్వం ఒకటే. క్ష్మ వస్తే చ్చ, లక్ష్మమ్మ, లచ్చమ్మ ఒకటవుతాయి. సత్య వస్తే సత్తె. మహబూబ్, మైబు లాంటి వాటిని నియమంతో పట్టలేం, వాటికి జంటల పట్టిక వేరే పెట్టాను. ఆ పట్టిక సగం పెదనాయిన చెప్పిందే. సాయంత్రం చాయ్ తాగుతూ ఒక్కో పేరు గుర్తు చేసుకుంటాడు, నేను రాసుకుంటాను.

"రాసే పేరు ఒకటి, పిలిచే పేరు ఒకటి ఉంటది బిడ్డా. పిలిచే పేరు కూడ అడుగు" అన్నాడు. ఆ గడి కూడా పెట్టాను.

వారం 4

వయసు. "ఎన్నేండ్లు అవ్వా?" అంటే "ఏమో బిడ్డా, నువ్వే ఏసుకో" అంటారు. ఆధార్‌లో పుట్టిన సంవత్సరం ఒక్కటే ఉన్నవాళ్లకు కౌంటరులో జనవరి 1 అని కొట్టేవాళ్లు. దాంతో మా లెక్క ప్రకారం మా ముసలివాళ్లలో చాలామంది ఒకే రోజు పుట్టారు. ఓపెన్‌ఎంఆర్‌ఎస్‌లో పుట్టిన తేదీ పక్కన "అందాజ" అని గుర్తు పెట్టే వీలుంది. దాన్ని తప్పనిసరి చేశాను. అందాజ గుర్తు ఉన్న తేదీ మనిషిని పోల్చే లెక్కలో చాలా తక్కువ బరువు తూగుతుంది.

ఊరు కూడా స్థిరంగా లేదు. 2016 అక్టోబరులో నల్లగొండ జిల్లా మూడు ముక్కలైంది. సంస్థాన్ నారాయణపురం నుంచి వచ్చే మనిషి పాత ఫైలులో నల్లగొండ జిల్లా, కొత్త ఫైలులో యాదాద్రి భువనగిరి జిల్లా. మనిషి ఉన్న చోటే ఉన్నాడు, జిల్లా కదిలింది. 2018 పంచాయతీరాజ్ చట్టంతో తండాలు విడిగా గ్రామ పంచాయతీలయ్యాయి. దేవరకొండ దిక్కు తండాల వాళ్లు అంతకుముందు పక్క ఊరి పేరు చెప్పేవాళ్లు, ఇప్పుడు గర్వంగా తమ తండా పేరు చెబుతున్నారు. ఊర్ల జాబితాలో ప్రతి తండాకూ పాత ఊరి పేరు జత చేయడానికి నాలుగు రోజులు పట్టింది. రెండు పేర్లలో ఏది చెప్పినా దొరకాలి.

వారం 6

ఎముకల డాక్టరు సారు ఈ రోజు కొత్త పేజీ చూసి, "నా మార్జిన్ ఏదమ్మా?" అన్నారు.

నాకు అర్థం కాలేదు. ఆయన పాత కేసు షీట్లు నాలుగు తెప్పించారు. ప్రతి దాని పైన, కుడి మూలన, పెన్సిలుతో చిన్నగా ఒక ఊరి పేరు. అడ్రసులో ఉన్న ఊరు కాదు, వేరే ఊరు. కొన్నింటి పక్కన "బోరు", కొన్నింటి పక్కన "బాయి" అని ఉంది.

తర్వాత ఒక పెద్దమ్మ వచ్చింది. వీపు కర్రలా బిగుసుకుపోయింది, పక్కకు చూడాలంటే ఒళ్లంతా తిప్పాలి. కుర్చీలోంచి లేవడానికి కోడలు రెండు చేతులా పట్టుకుంది.

"ఏ ఊరవ్వా?"

"చింతపల్లి సారూ."

"తల్లిగారి ఊరు?"

"మర్రిగూడ దిక్కు."

"పెండ్లి దాంక ఏం నీళ్లు తాగిన్రు?"

"చేతి బోరు నీళ్లే. గప్పుడు ఇంకేడియి?"

సారు ఎక్స్‌రేను కిటికీకి ఎత్తి పట్టుకుని నాకు చూపించారు. ముంజేతిలో రెండు ఎముకల మధ్య ఉండే పొర కూడా ఎముకలా గట్టిపడి తెల్లగా కనబడుతోంది. నీళ్లలో ఫ్లోరైడు లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదు. మర్రిగూడ, నాంపల్లి, మునుగోడు దిక్కు బోర్లలో అంతకు ఎన్నో రెట్లు ఉండేది. నాగపూరులోని నీరి సంస్థ పటిక, సున్నంతో ఫ్లోరైడు తీసే పద్ధతికి మా ఊరి పేరే పెట్టింది, నల్లగొండ పద్ధతి అని. మిషన్ భగీరథతో కృష్ణ నీళ్లు ఇంటింటికీ వచ్చాక పిల్లల సంగతి మారింది. కానీ ఎముకలోకి ఎక్కినది దిగదు. ఏ నీళ్లు, ఎన్నేళ్లు తాగారన్నదే ఇక్కడ అసలు చరిత్ర. ఆడవాళ్ల విషయంలో ఆ చరిత్ర అత్తగారి ఊళ్లో దొరకదు, తల్లిగారి ఊళ్లో ఉంటుంది. మా పేజీలో ఉన్నది అత్తగారి ఊరు ఒక్కటే.

పావుగంటలో గడి పెట్టాను: తల్లిగారి ఊరు. దాని కింద ఇంకొకటి: చిన్నప్పుడు తాగిన నీళ్లు. మా నాయనమ్మ ఏడు చీటీల్లోనూ ఈ రెండు మాటలు లేవు. ఇంటికి పోయి మళ్లీ చూశాను. లేవు.

వారం 8

వార్డులో మొదలైంది. ఆరు ట్యాబులు, గోడకు చార్జింగు తొట్లు. సిస్టర్లకు మూడు బ్యాచులుగా శిక్షణ.

రాత్రి డ్యూటీలో వార్డు మూలన కూర్చుని చూశాను. ఎనిమిదో పడక దగ్గర సిస్టర్ బీపీ చూసింది. చేతికి గ్లవుజు ఉంది, ట్యాబు వేలిని పట్టలేదు. గ్లవుజు తీసి, అరచేతిలో పెన్నుతో అంకె రాసుకుని, తొమ్మిదో పడకకు పోయింది. అక్కడా అరచేతిలోనే. పన్నెండో పడక అయ్యేసరికి ఎడమ అరచేయి నిండింది, మణికట్టు మీదికి పాకింది. మధ్యలో చేతులు కడుక్కోవాల్సి వచ్చింది. కుళాయి దగ్గర ఒక్క క్షణం ఆగి చేతిలోకి చూసుకుని, అంకెలను నోట్లో గొణుక్కుంటూ కుడి చేయి ఒక్కటే కడుక్కుంది.

ఆమె తప్పు ఇందులో ఏమీ లేదు. కాగితం చార్టు పడక కాళ్ల దగ్గర వేలాడుతుండేది, నిలబడిన చోటే రాసేది. మేం దాన్ని తీసేసి, వార్డు చివర గోడకు ఉన్న ట్యాబు చూపించాం. తెల్లారి హెడ్ సిస్టరుతో కూర్చుని మార్చాం. నాలుగు పడకలకు ఒక చక్రాల ట్రాలీ, బీపీ మిషనూ ట్యాబూ దాని మీదే. పేజీలో ముప్పై గడులు ఉంటే ఐదు ఉంచాం: జ్వరం, నాడి, ఊపిరి, బీపీ, ఆక్సిజన్. పెద్ద పెద్ద అంకెల మీటలు పెట్టాం. మిగతా గడులు కావాలంటే విప్పుకునేలా కింద మడతపెట్టాం.

ఇంకొక మార్పు పెద్ద డాక్టరు సారు అడిగినది. జ్వరం, నాడి, ఊపిరి రాసే టీపీఆర్ చార్టు అంటే ఆయనకు అంకెల పట్టిక కాదు, గీత. టైఫాయిడు మెట్లు మెట్లుగా ఎక్కుతుంది. మలేరియా రోజు విడిచి రోజు లేస్తుంది. పడక దగ్గరికి రాకముందే, నాలుగడుగుల దూరం నుంచే ఆ గీత చూసి ఆయనకు సంగతి అర్థమవుతుంది. మేమిచ్చిన పట్టికలో అంకెలన్నీ సరైనవే, కానీ జ్వరం ఏ తీరుగా నడుస్తోందో కనబడదు. గీత పేజీ చేయడానికి వారం పట్టింది. అంతవరకు రోజూ పొద్దున 7 గంటలకు, రౌండ్సుకు ముందు, ప్రతి పడకకూ గీత ప్రింటు తీసి తగిలించాను.

కేసు షీటును ఫోనులో ఫొటో తీసి వాట్సాప్‌లో డాక్టరుకు పంపే అలవాటు మా దగ్గరా ఉండేది. ఈ వారంతో ఆపేశాం. డాక్టర్లకు ఇంటి నుంచి చూసే లాగిన్ ఇచ్చాం. ఎవరు ఏ పేజీ ఎప్పుడు తెరిచారో నమోదవుతుంది. ఒకరి జబ్బు ఇంకొకరి ఫోను గ్యాలరీలో పడి ఉండడం నాకు మొదటి నుంచీ బాధగానే ఉండేది.

వారం 9

గాలివాన. కరెంటు మూడు గంటలు లేదు. జనరేటరు ఎత్తుకునే లోపల సర్వరును యూపీఎస్ నిలబెట్టింది, కానీ వార్డులోని వైఫై డబ్బాకు యూపీఎస్ పెట్టడం మరిచిపోయాను. ఇరవై నిమిషాలు ట్యాబులు గుడ్డివయ్యాయి. మర్నాడే పెట్టాను. ప్రతి వార్డులో ఎర్ర అట్టతో ఒక ఫైలు కూడా పెట్టాం: ఖాళీ చార్టులు, ఆ పొద్దు 6 గంటలకు ప్రింటు తీసిన పడకల జాబితా, ఎవరికి ఏ మందు ఎన్ని గంటలకో ఉన్న కాగితం.

వారం 11

ఈ వారం సంగతి రాయడానికి రెండు రోజులు ఆగాను.

ఒకే మనిషికి రెండు ఫైళ్లు పడినవి ఏరి కలిపే పని నేనే చేస్తున్నాను. ఒక జంట వచ్చింది. పేరు ఒకటే. భర్త పేరు ఒకటే. ఊరు ఒకటే. వయసు మూడేళ్ల తేడా, రెండూ అందాజ. ఫోను నంబరు అక్షరాలా ఒకటే. పోల్చే లెక్కలో మార్కులు పైనే వచ్చాయి. కలిపేశాను.

నాలుగు రోజుల తర్వాత ఫార్మసీ కిటికీ దగ్గర ఒకామె గొంతు పెంచింది. "గీ గోలీ నాది గాదు. నా గోలీ చిన్నగుంటది, గుండ్రంగుంటది."

ఫార్మసీలో ఉండే అన్న ఆమె చీటీ చూశాడు. బీపీ గోలీ, గ్లిమెపిరైడు, మెట్‌ఫార్మిన్. "షుగరు గోలీలు పెద్దమ్మా, ఎప్పుడూ వేసుకునేయే."

"నాకు షుగరేడిది నాయినా?"

ఆమెకు నిజంగానే షుగరు లేదు. షుగరు ఉన్నది ఇంకొకామెకు. అదే ఊరు, అదే పేరు, అదే భర్త పేరు. ఇద్దరికీ సొంత ఫోను లేదు, ఇద్దరూ తమ వాడ ఆశా కార్యకర్త నంబరు ఇచ్చారు. నేను ఆ నంబరును సాక్ష్యం అనుకున్నాను. రద్దీలో డాక్టరు పాత మందులనే మళ్లీ రాసే మీట నొక్కారు. షుగరు లేని మనిషి గ్లిమెపిరైడు వేసుకుంటే రక్తంలో చక్కెర పడిపోతుంది. ఒంటరిగా ఉండే ముసలామె రాత్రి పడుకుంటే తెల్లారేసరికి ఏమయ్యేదో తలుచుకుంటే నాకు చేతులు చల్లబడ్డాయి. ఆమె తన గోలీని చూపుతో గుర్తుపట్టింది కనుక ఆగింది. మా దగ్గర ఉన్న ఏ తనిఖీ దాన్ని ఆపలేదు.

కలపడానికి ఒక నొక్కు చాలింది. విడదీసే మీట లేదు. కలపకముందటి రాత్రి బ్యాకప్‌ను వేరే మిషను మీద లేపి, రెండు ఫైళ్లను పక్కపక్కన పెట్టి, తర్వాత చేరిన ఒక్కో విజిటును ఓపీ చీటీతో సరిచూస్తూ ఎవరిది వారికి చేర్చాం. ఒకటిన్నర రోజు పట్టింది. ఓపెన్‌ఎంఆర్‌ఎస్‌లో తప్పుగా పడినదాన్ని పూర్తిగా చెరపం, చెల్లదని గుర్తు పెడతాం, ఎవరు ఎప్పుడు పెట్టారో ఉంటుంది. ఆ గుర్తులన్నింటి పక్కన నా పేరే ఉంది, ఉండాల్సిందే.

పెద్ద డాక్టరు సారు ఒక్క మాట అన్నారు: "ఇద్దరికీ మనమే పోయి చెప్పాలె." మరుసటి ఆదివారం నేనూ హెడ్ సిస్టరూ ఆ ఊరికి పోయాం. రెండిళ్లలోనూ జరిగినది జరిగినట్టు చెప్పాం. మొదటి ఇంట్లో నీళ్లిచ్చి కూర్చోబెట్టింది. అంతా విని, "మా ఇద్దరినీ ఊళ్లె ఎట్ల పిలుస్తరో ఎవ్వలు అడగలే మీరు" అంది. ఎలా పిలుస్తారని అడిగాను. ఆమె తల్లిగారి ఊరి పేరు చెప్పింది. ఆ ఊరి ఆమె అని తనను, ఈ ఊరి ఆమె అని ఆ రెండో ఆమెను పిలుస్తారట. తిరిగి వచ్చేటప్పుడు దారంతా ఆ మాటే నా చెవిలో ఉంది.

వారం 12

ఫైళ్లు కలిపే నియమం తిరగరాశాను. ఫోను నంబరు ఇద్దరి కంటే ఎక్కువ పేర్లకు ఉంటే దానికి సున్నా మార్కులు. బ్లడ్ గ్రూపు వేరుగా ఉంటే కలపనివ్వదు. తల్లిగారి ఊరు వేరుగా ఉన్నా కలపనివ్వదు, ఖాళీగా ఉంటే అసలే కలపనివ్వదు. అన్నీ సరిపోయినా ఒక్కరే కలపడానికి లేదు, ఇద్దరు సంతకం పెట్టాలి, మనిషి ఎదురుగా ఉండాలి.

ఒకే పేరు, ఒకే ఊరు ఉన్న ఫైళ్లన్నింటి నుదుట ఇప్పుడు పసుపు పట్టీ వస్తుంది: "ఇదే పేరుతో ఇంకొకరు ఉన్నారు. తల్లిగారి ఊరు అడగండి."

ఎముకల డాక్టరు సారు కోసం పెట్టిన గడి ఇది. మొన్నటిదాకా దీన్ని ఆయన రోగులకే అడిగేవాళ్లం. ఇప్పుడు కౌంటరులో అందరినీ అడుగుతున్నాం. మగవాళ్లకైతే తల్లి తల్లిగారి ఊరు. కౌంటరు చెల్లె మొదట మొహమాటపడింది, పొద్దున రద్దీలో ఇంకో ప్రశ్నా అంది. కానీ అడిగిన ప్రతిసారీ అవతలి మనిషి ముఖం విప్పారుతోందని రెండో రోజే తనే వచ్చి చెప్పింది. ఎవరూ తడుముకోవడం లేదు. పుట్టిన తేదీ తెలియని మనిషి కూడా తల్లిగారి ఊరు ఠక్కున చెబుతుంది.

వారం 14

పత్తి చేలకు మందు కొట్టే రోజులు. పురుగుల మందు ఒంటికెక్కిన కేసు రాత్రి 11 గంటలకు వచ్చింది, పొద్దంతా పంపు మోసిన కూలీ.

విరుగుడు మందు అట్రోపిన్ 0.6 మిల్లీగ్రాముల యాంపూళ్లు ఒకదాని తర్వాత ఒకటి విరుగుతున్నాయి. ఐదేసి నిమిషాలకు చూడాలి. చాతీలో గురగుర పోయిందా, నాడి 80 దాటిందా, పై బీపీ 80 పైన ఉందా, చంకలు పొడిబారాయా, గుండుసూది మొనంత ఉన్న కంటిపాప విప్పారిందా. చాలకపోతే డోసు రెట్టింపు. నలుగురు మనుషులు, ఎనిమిది చేతులు, ఒక్క చెయ్యీ ఖాళీ లేదు. సిస్టర్ ట్యాబును పక్కకు తోసేసి, అట్ట మీద కాగితం బిగించి నిలువు గీతలు కొట్టింది: టైము, డోసు, నాడి, పాప, చంక. ఐదు నిమిషాలకు ఒక వరుస. వేళ్లకు తడి ఉన్నా పెన్ను రాసింది.

నేను ఆ పూట అక్కడే ఉన్నాను, వద్దని అనలేదు. తెల్లారి తీర్మానించాం: అట్రోపిన్ చార్టు కాగితం మీదే ఉంటుంది. మనిషి నిలకడపడ్డాక ఆ కాగితాన్ని స్కాన్ చేసి, ముఖ్యమైన వరుసలు ఎక్కిస్తాం. జరిగిన టైము వేరు, ఎక్కించిన టైము వేరు అని సాఫ్ట్‌వేర్ రెండింటినీ విడివిడిగా దాస్తుంది. ఎంఎల్‌సీ కనుక ఆ అసలు కాగితం బీరువాలోకి. ఈ ఒక్క చార్టునూ కంప్యూటరుకు మార్చాలన్న పట్టుదల నాకు లేదు. సిస్టర్లు గీసుకున్న నిలువు గీతలనే శుభ్రంగా అచ్చు వేయించి, ప్యాడ్లు కట్టించి క్యాజువాలిటీలో పెట్టాను. ఆ కూలీ ఆరో రోజు నడుచుకుంటూ ఇంటికి పోయాడు.

వారం 16

ఆభా నంబర్లు. 2021 సెప్టెంబరు 27న దేశమంతటా మొదలైన ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్ కింద కావాలన్న ప్రతి మనిషికీ 14 అంకెల నంబరు వస్తుంది. దానితో ఒక దవాఖాన రికార్డును, మనిషి ఒప్పుకుంటే, ఇంకో దవాఖాన చూడగలుగుతుంది. మా నాయనమ్మ ఏడు చీటీలు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే దారి అదే. అందుకే ఇది జరగాలని నాకు చాలా ఆశ.

కౌంటరు దగ్గర జరుగుతున్నది వేరు. ఆధార్‌కు కట్టిన ఫోను కొడుకుది, కొడుకు ఎల్బీనగర్‌లో పనిలో ఉంటాడు. ఓటీపీ అక్కడికి పోతుంది. అవ్వ తెచ్చిన చిన్న ఫోనులో కొడుకుకు రింగు చేస్తుంది, అతను ఎత్తడు, వెనక వరుస పెరుగుతుంది. ఆభా ఎవరి ఇష్టం వారిది, తప్పనిసరి కాదు. అది లేదని ఓపీ చీటీ ఒక్క నిమిషం కూడా ఆపొద్దని రాతపూర్వకంగా నియమం పెట్టాం. మధ్యాహ్నం రద్దీ తగ్గాక, కొడుకో బిడ్డో వెంట ఉన్నవాళ్లకు కుర్చీ వేసి నిదానంగా చేస్తున్నాం.

వారం 19

ప్లాస్టిక్ కవర్లు పోలేదు, పోవాలని నేను కోరుకోవడం మానేశాను. డిశ్చార్జి రోజు అందరికీ ఒకే పేజీ ప్రింటు ఇస్తున్నాం, తెలుగులో, పెద్ద అక్షరాల్లో: జబ్బు, మందులు, పొద్దున, మధ్యాహ్నం, రాత్రి గుర్తులు, పడని మందు ఉంటే ఎర్ర గీత కింద. పై మూలన పేరు, పిలిచే పేరు, తల్లిగారి ఊరు. ఆ పేజీ కవరులోకి పోతుంది. నల్లగొండ పెద్ద దవాఖానకు పోయినా, హైదరాబాదుకు పోయినా అది వెంట ఉంటుంది.

పెదనాయినకు రిటైర్మెంటు దగ్గరపడింది. రోజూ మధ్యాహ్నం రెండు గంటలు నా పక్కన కూర్చుంటున్నాడు. పాత ఫైళ్ల అట్టలు ఒక్కొక్కటే చూసి, ఎవరికి ఎవరు ఏమవుతారో, ఎవరి తల్లిగారి ఊరు ఏదో చెబుతున్నాడు. నేను కొడుతున్నాను. ఆయన చెప్పినదాని పక్కన "నోటి మాట, మనిషి వచ్చినప్పుడు సరిచూడాలి" అని గుర్తు పడుతుంది. ఇప్పటిదాకా సరిచూసిన వాటిలో రెండే తప్పు వచ్చాయి, రెండూ అక్కచెల్లెళ్లవే.

ఈ రోజు దింపిన మూటలో చెదలు తిన్న ఫైలు ఒకటి వచ్చింది. లోపల ఒక్క కాగితం మిగల్లేదు. అట్ట మీద పేరూ, ఐపీ నంబరూ సగం ఉన్నాయి. పెదనాయిన దాన్ని వెలుతురుకు పట్టుకుని కాసేపు చూశాడు.

"మర్రిగూడ దిక్కు పిల్ల. తొలి కాన్పు. రాత్రంతా తల్లి అరుగు మీదనే కూసున్నది" అన్నాడు. "రాసుకో."

రాసుకున్నాను. రెండో ర్యాకు రేపటితో అయిపోతుంది. మెట్ల కింది మూల ర్యాకులు ఐదు మిగిలాయి. చెదల మందు కొట్టేవాళ్లు గురువారం వస్తామన్నారు, ఆ లోపల కింది వరుస మూటలన్నీ పైకి చేర్చాలి.